నేల దగ్గర గాలి వేగం: మూడు చోట్ల చూస్తే మూడు అంకెలు. ఏది నమ్మాలి?

పల్నాడు_మిర్చి | సోమవారం, రాత్రి 8:42

అందరికీ నమస్కారం. మాది పల్నాడు, నాలుగెకరాల మిర్చి. తామర పురుగు పట్టింది, డ్రోన్‌తో మందు కొట్టిద్దామని శనివారం పొద్దున్నే పిలిచాం. పక్క చేను మల్బరీ. ఆయన పట్టుపురుగులు పెంచుతాడు. మన మందు తుంపర ఆ ఆకు మీద పడిందంటే ఆ బ్యాచ్ పురుగంతా పోతుంది, తర్వాత ఊళ్లో మా రెండిళ్లకీ మాటలుండవు.

డ్రోన్ అబ్బాయి ముందే చెప్పాడు, గాలి గంటకు 10 కి.మీ. దాటితే ఎగరెయ్యనని. ఏడున్నరకి చూస్తే ఫోన్ యాప్‌లో 14. మా డాబా మీద వెదర్ స్టేషన్‌లో 11. చేలో నిలబడి చేతి మీటరు (చిన్న ఫ్యాన్ ఉంటుందే, అది) పట్టుకుంటే 6, ఒక్కోసారి 7. అన్నీ కి.మీ.లే, యూనిట్లు సరిచూశాను. అతను యాప్ నమ్మి వెళ్లిపోయాడు. రానుపోను ఖర్చు మాత్రం నా దగ్గర తీసుకున్నాడు.

మూడింట్లో ఏది కరెక్టు? మిగతా రెండూ అవతల పారేస్తాను.

---

నగర_జీవి | సోమవారం, రాత్రి 8:55

యాప్ చూస్తే పోయేదానికి ఇంత హంగామా ఎందుకు బ్రదర్? శాటిలైట్ నుంచి వస్తుంది అది. చేతిలో పట్టుకునే బొమ్మ ఫ్యాన్ కంటే అదే నయం.

---

పాత_అబ్జర్వర్ | సోమవారం, రాత్రి 9:20

బాబూ మిర్చీ, దేన్నీ పారేయొద్దు. ముందు మూడు సంగతులు చెప్పు. ఒక్కో మీటరు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? నువ్వు చూసిన అంకె ఎంతసేపటి సగటు? చుట్టుపక్కల ఏమున్నాయి, చెట్టు, గోడ, ట్యాంకు?

నేను ముప్పై ఏళ్లకు పైగా వాతావరణ పరిశీలన ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆ రోజుల్లో మా కప్పుల ఎనిమోమీటరుకి (కప్పులు తిరిగి గాలి వేగం చూపించే మీటరు) సైకిలుకో స్కూటరుకో ఉన్నట్టు కిలోమీటర్లు చూపించే కౌంటరు ఉండేది. దాని కింద నిలబడి ఒకసారి అంకె రాసుకోవడం, వాచీ చూసుకుంటూ సరిగ్గా మూడు నిమిషాలు ఆగడం, మళ్లీ రాసుకోవడం. తేడాని 20తో గుణిస్తే గంటకు ఎన్ని కి.మీ. గాలో వచ్చేస్తుంది. రోజు సగటు కావాలంటే నిన్న ఇదే టైముకి రాసిన అంకె తీసేసి 24తో భాగించాలి. ఇంతే. బ్యాటరీ లేదు, వైఫై లేదు. ఆ మూడు నిమిషాల్లో గాలి ఎన్నిసార్లు లేచి పడిందో కళ్లారా చూసేవాణ్ణి. ఒక్క క్షణం అంకె చూసి గాలి ఇంత అని చెప్పడం అప్పటినుంచే మానేశాను.

నగర_జీవి గారూ, యాప్‌లో కనబడేది ఎవరూ కొలిచిన గాలి కాదు. కంప్యూటర్ మోడల్ వేసిన అంచనా. అది కూడా నేల నుంచి 10 మీటర్ల ఎత్తుకి, కొన్ని కిలోమీటర్ల వైశాల్యమున్న గడి మొత్తానికీ కలిపి ఒకే అంకె. ఆ గడిలో ఈ మిర్చి చేనూ ఉంటుంది, పక్కనున్న చెరువూ ఉంటుంది, కొండా ఉంటుంది.

---

పల్నాడు_మిర్చి | సోమవారం, రాత్రి 9:48

మాస్టారూ, డాబా మీద పిట్టగోడకి పైపు కట్టాను. గోడ మీద నుంచి ఒక మీటరున్నర ఉంటుంది. తూర్పున వేపచెట్టు, డాబా కంటే ఎత్తే. చేతి మీటరు ఛాతీ ఎత్తులో పట్టుకున్నాను. సగటు చూడలేదు, అంకెలు ఎగురుతుంటే ఎక్కువసేపు కనిపించింది రాసుకున్నా. మిర్చి నడుం ఎత్తు, 80 సెం.మీ. ఉండొచ్చు.

---

రామగిరి_గాలి | సోమవారం, రాత్రి 11:05

నేను అనంతపురం వైపు గాలిమరల సైట్లలో మాస్టులు (గాలి కొలిచే స్తంభాలు) నిలబెట్టే పనిలో ఉన్నా. ఈ లెక్క మాకు రోజూ ఉండేదే. మిర్చి అన్నా, నీ మూడు అంకెలూ ఒకదాన్నొకటి కొట్టుకోవడం లేదు.

నేల గాలిని పట్టి ఆపుతుంది. కిందికొచ్చే కొద్దీ గాలి తగ్గుతుంది, అదీ సమానంగా కాదు, నేలకి దగ్గరయ్యే కొద్దీ మరీ వేగంగా. అందుకే వాతావరణ శాఖలు ప్రపంచమంతా ఒక ఒప్పందం పెట్టుకున్నాయి: బయలు ప్రదేశంలో, 10 మీటర్ల ఎత్తున, 10 నిమిషాల సగటు (సగటు వేళ మాత్రం కొన్ని చోట్ల వేరు). దగ్గర్లో చెట్టో ఇల్లో ఉంటే దాని ఎత్తుకి కనీసం పది రెట్ల దూరంలో స్తంభం ఉండాలి. సాగునీటి లెక్కలు వేసేవాళ్లకి మాత్రం 2 మీటర్ల గాలి కావాలి. పొట్టి గడ్డి ఉన్న నేల మీదైతే 10 మీటర్ల అంకెని 0.75తో గుణిస్తే సుమారుగా అది వస్తుంది. నీ 14 అక్కడ పదిన్నర.

కానీ నీది గడ్డి కాదు, నడుమెత్తు పైరు. దట్టమైన పైరు ఉంటే గాలికి నేల పైకి జరిగినట్టే. పైరు ఎత్తులో మూడింట రెండొంతుల దగ్గర, అంటే 53 సెం.మీ. దగ్గర సున్నా అనుకో. గాలిని పట్టి ఆపే గరుకుదనం పైరు ఎత్తులో ఎనిమిదో వంతు, 10 సెం.మీ. వేసుకో. ఇప్పుడు లాగరిథమ్ లెక్క కడితే మీటరున్నర ఎత్తులో గాలి, 10 మీటర్ల గాలిలో దాదాపు సరిగ్గా సగం. 14లో సగం ఎంత? నీ చేతి మీటరు చూపించిందే.

ఒక మెలిక ఉంది. ఈ లెక్క మబ్బు పట్టిన రోజో, గాలి బాగా వీచే వేళో బాగా కుదురుతుంది. ఎండ మండే మధ్యాహ్నం, నిశ్శబ్దంగా ఉండే రాత్రి దీన్ని గుడ్డిగా వాడొద్దు. రాత్రిళ్లు కింద ఆకు కదలదు, పైన మా గాలిమరలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. నైట్ డ్యూటీలో టవరు కింద కూర్చుని దోమలు తోలుకుంటూ పైన రెక్కల హోరు వినడం మాకు మామూలే.

డాబా అంకె సంగతి వేరు. గోడకి కొట్టుకున్న గాలి పైకి లేచి పిట్టగోడ మీదుగా దూకుతుంది. అక్కడ కొలిస్తే మీ ఇంటి ఆకారం కూడా ఆ అంకెలో కలిసిపోతుంది.

---

నగర_జీవి | మంగళవారం, ఉదయం 7:10

సరే, ఒప్పుకుంటున్నా. అయితే మందు కొట్టడానికి ఏ ఎత్తు గాలి చూడాలి? మూడూ కరెక్టే అంటే ఆయనకి పని జరగదుగా.

---

ఎగిరే_పద్మ | మంగళవారం, ఉదయం 8:02

దీనికి నేను చెప్తాను. నేను డ్రోన్ నడుపుతాను, మా స్వయం సహాయక సంఘం నుంచి ట్రైనింగ్ అయ్యాను.

తుంపర ఎక్కడ పుడుతుందో అక్కడి గాలి చూడాలి. మా డ్రోన్ పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తున ఎగురుతుంది. కాబట్టి ఛాతీ దగ్గర కొలిచినది కాస్త తక్కువ, యాప్ అంకె బాగా ఎక్కువ. నేనైతే వెదురు గడ నేల నుంచి మూడు మీటర్లు ఉండేలా పాతి, దాని కొనకి పాత చీర అంచు నుంచి చింపిన రిబ్బన్ కడతాను. మీటరు ఉంది నా దగ్గర. అయినా చేనుకి నాలుగు మూలలా నాలుగు మీటర్లు కొనలేను కదా. రిబ్బన్లు నాలుగు కట్టొచ్చు. రెండు మూలల్లో రిబ్బన్ ఒక వైపు, మూడో మూలలో ఇంకో వైపు ఊగుతుంటే ఆ పూట డ్రోన్ తియ్యను.

ఇంకోటి, చాలామంది పొరపాటు పడేది. గాలి అస్సలు లేకపోతే మందుకి మంచిదనుకుంటారు. అది ఇంకా ప్రమాదం. తెల్లవారుజామున నేల చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటుంది. సన్న తుంపర పైకి పోదు, కిందికి దిగదు, పొగమంచులా తేలుతూ ఎటో జారిపోతుంది. ఎంత దూరం పోతుందో చెప్పలేం. గాలి గంటకు 3 అయినా ఉండాలి, నేను 10 దగ్గర ఆపేస్తాను. అన్నిటికంటే ముందు మందు డబ్బా లేబుల్ మీద ఏముందో చదవండి.

చూడ్డానికి సులువైన దారి ఉంది. రెండు అగరుబత్తీలు వెలిగించి గట్టు మీద గుచ్చండి. పొగ లేచి చెదిరిపోతే సరే. కాస్త లేచి దుప్పటిలా పరుచుకుని అడ్డంగా సాగితే ఇంటికెళ్లి టీ తాగి రండి.

---

పాత_అబ్జర్వర్ | మంగళవారం, ఉదయం 8:30

పద్మమ్మా, వంద మార్కులు. పొగని చిన్నచూపు చూడకండి ఎవరూ. 1805లో బ్రిటిష్ నేవీలో బ్యూఫోర్ట్ తెరచాపలు చూసి గాలికి అంకెలు కట్టాడు. తర్వాత దాన్నే నేల మీదికి మార్చినప్పుడు మొదటి మెట్టే పొగ. పొగ నిట్టనిలువుగా లేస్తే 0. పొగ వాలుతుంది కానీ గాలికోడి కదలదు, అది 1. ముఖానికి గాలి తగిలి ఆకులు గలగలమంటే 2, అంటే గంటకు 6 నుంచి 11 కి.మీ. ఆకులూ సన్న రెమ్మలూ ఆగకుండా కదులుతుంటే 3. దుమ్ము, కాగితం ముక్కలు లేస్తే 4.

మన రైతులకి ఇది కొత్తదేం కాదు. కళ్లంలో తూర్పారబట్టేవాళ్లు చేటెత్తి ఒక్క దోసెడు జారవిడిచి చూసేవారు. తాలు ఎంత దూరం పడిందో చూసుకునే గింజ కుప్ప ఎక్కడ పొయ్యాలో నిర్ణయించేవారు. అది కూడా కొలతే, పైగా ఆ పనికి కావలసిన ఎత్తులోనే.

---

పల్స్_కౌంటర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

హైదరాబాద్ నుంచి. ఇంట్లో సర్క్యూట్లు చేసుకునేవాణ్ణి, నాలాంటి వాళ్లకి రెండు హెచ్చరికలు.

చవక కప్పుల మీటర్లలో అయస్కాంతం, అది దగ్గరికొస్తే మూసుకునే రీడ్ స్విచ్ ఉంటాయి. నా దానికి సెకనుకి ఒక పల్స్ వస్తే గంటకు 2.4 కి.మీ. అని లెక్క. స్విచ్ ఒకసారి మూసుకునేటప్పుడు ఎన్నోసార్లు అదురుతుంది, ప్రతి అదురునీ పల్స్ అనుకుంటుంది బోర్డు. ఆ సంగతి తెలియక మా ఉప్పల్ మేడ మీద మామూలు సాయంత్రం 90 కి.మీ. గాలి రాసుకున్నాను. మా ఆవిడ ఆరేసిన బట్టలు తీగ మీద కదలకుండా ఉన్నాయి. అప్పుడు అనుమానం వచ్చింది.

రెండోది దిక్కు. 350 డిగ్రీలు, 10 డిగ్రీలు. ఈ రెంటి సగటు ఎంత? కంప్యూటర్ 180 అంటుంది. గాలి ఉత్తరం నుంచి వస్తుంటే దక్షిణం అని రాసి పెడుతుంది. సైన్లూ కొసైన్లూ విడదీసి సగటు కట్టి మళ్లీ కలపాలి. నేను మూడు నెలల డేటా పారేసుకున్నాక తెలిసింది.

అసలు ప్రశ్న: కప్పులు వదిలేసి శబ్దంతో గాలి కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు కొనుక్కుంటే ఈ బాధలన్నీ పోతాయా?

---

రామగిరి_గాలి | మంగళవారం, రాత్రి 10:40

కొన్ని పోతాయి, కొన్ని కొత్తవి వస్తాయి.

అల్ట్రాసోనిక్‌లో తిరిగేదేమీ లేదు. ఎదురెదురుగా రెండు ట్రాన్స్‌డ్యూసర్లు, అంటే శబ్దం పంపి, అందుకునేవి. అటు నుంచి ఇటు ఒక శబ్దం, ఇటు నుంచి అటు ఒకటి. గాలి వాటంగా వెళ్లేది ముందు చేరుతుంది, ఎదురెళ్లేది ఆలస్యంగా. మధ్య దూరం 15 సెం.మీ. అనుకుంటే శబ్దానికి సుమారు 434 మైక్రోసెకన్లు పడుతుంది. సెకనుకి ఒక మీటరు గాలి వీస్తే మారేది ఒక వైపుకి ఒకటింబావు మైక్రోసెకను. ఆ కాస్త తేడాని పట్టుకోవాలి కాబట్టే ధర అంత. సన్నటి గాలి కూడా దొరుకుతుంది, సెకనులో ఎన్నోసార్లు కొలవొచ్చు. కానీ ట్రాన్స్‌డ్యూసర్ మీద వాన చుక్క నిలిచినా, సాలీడు గూడు కట్టినా అంకె ఎటో పోతుంది.

కప్పులకున్న జబ్బు వేరు. గాలి పెరిగితే గబుక్కున అందుకుంటాయి, తగ్గితే తాపీగా ఆగుతాయి. దాంతో కుదుపుల గాలిలో సగటు కొంచెం ఎక్కువే చూపిస్తాయి. కదలడం మొదలెట్టడానికే కొంత గాలి కావాలి. బేరింగులో దుమ్ము చేరితే అది ఏడాదికేడాది పెరుగుతుంది, మీకు తెలియదు కూడా. అయినా మా పనిలో ఇప్పటికీ కప్పులే రాజులు. విండ్ టన్నెల్లో పెట్టి ఒక్కోదానికి విడిగా సర్టిఫికెట్ తీసుకుంటాం. ఎందుకంత పట్టింపంటే గాలిలో శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగంలో 3 శాతం తప్పు, కరెంటు లెక్కలో 9 శాతం తప్పు. బ్యాంకు వాళ్లు ఊరుకోరు.

మాస్టు కూడా తప్పు చేయిస్తుంది. స్తంభం చాటున పడిన కప్పులకి గాలి అందదు. అందుకే పొడవాటి అడ్డగడలు వేసి కప్పుల్ని దూరంగా పెడతాం. మీ పైపు కొననే కప్పులు పెట్టండి, పక్కకి వేలాడదీయకండి.

---

బీటెక్_థర్డ్‌ఇయర్ | బుధవారం, ఉదయం 9:05

సార్, మా ల్యాబ్‌లో పిటాట్ ట్యూబ్ (ఎదురొచ్చే గాలి ఒత్తిడిని బట్టి వేగం చెప్పే గొట్టం) ఉంది. విమానాలకి అదే వాడతారు కదా, చేలో పనికిరాదా? హాట్ వైర్ (వేడి చేసిన సన్న తీగతో గాలి కొలిచేది) కూడా ఉంది.

---

పాత_అబ్జర్వర్ | బుధవారం, ఉదయం 10:12

నాయనా, సెకనుకి ఒక మీటరు గాలి పిటాట్‌లో పుట్టించే ఒత్తిడి 0.6 పాస్కల్. నీ నోటుబుక్కులోంచి ఒక ఏ4 కాగితం చింపి బల్ల మీద పెట్టు. ఆ కాగితం బల్లని నొక్కే ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే. విమానం వేగానికి అది భేషుగ్గా పనిచేస్తుంది, మిర్చి చేలో ఏం పట్టుకుంటుంది? హాట్ వైర్ సన్న గాలికి అద్భుతం. కానీ ఆ తీగ వెంట్రుక కంటే సన్నం. చేలో దుమ్ము తగిలితే లెక్క మారుతుంది, వేలు తగిలితే తెగుతుంది. ల్యాబ్‌లోనే ఉంచు.

ఒక సరదా సంగతి. కప్పుల మీటరుని 1846లో ఐర్లండ్‌లోని ఆర్మా అబ్జర్వేటరీ అధిపతి రాబిన్సన్ బయటికి తెచ్చాడు. కప్పు ఎంతున్నా, చెయ్యి ఎంత పొడుగున్నా గాలి వేగం కప్పు వేగానికి మూడింతలే అని ఆయన నమ్మకం. అది తప్పు. కప్పు సైజుని, చెయ్యి పొడుగుని బట్టి ఆ గుణకం మారుతుంది. అప్పట్లో నాలుగు కప్పులు, మూడు కప్పులది 1926లో కెనడాలో ప్యాటర్సన్ చేశాడు. మీటరు పుట్టిన రోజు నుంచీ ఈ తగువు ఉంది బాబూ, మనతో మొదలవలేదు.

---

విశాఖ_అల | బుధవారం, రాత్రి 9:33

సగటు గురించి మాస్టారు చెప్పింది మాకు హుద్‌హుద్‌లో అనుభవమే. 2014 అక్టోబరు 12. ఒక చోట 185 కి.మీ. అని, ఇంకో చోట 215 అని చదివి, ఎవరో అబద్ధమాడుతున్నారని వాదించుకున్నాం, కరెంటు లేని ఆ రోజుల్లో వేరే పని కూడా లేదు. తర్వాత తెలిసింది, మన వాతావరణ శాఖది 3 నిమిషాల సగటు, అమెరికా నేవీ కేంద్రానిది 1 నిమిషం సగటు. సగటు వేళ తగ్గితే అంకె పెరుగుతుంది. పైగా అంత తుపానులో అంచనా కట్టే పద్ధతులు కూడా వేరు. మా పక్కింటి రేకులు మాత్రం ఏ సగటూ చూసుకోకుండా ఎగిరిపోయాయి.

---

మోడరేటర్ | బుధవారం, రాత్రి 9:50

తుపాను చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ మిర్చి గారి చేను దాటొద్దు.

---

పల్నాడు_మిర్చి | ఆదివారం, రాత్రి 7:25

ఆలస్యమైంది, మన్నించాలి. మీరు చెప్పినవన్నీ చేసి చూశాను.

మొదట డాబా మీది స్టేషన్ విప్పి తెచ్చి, చేను పక్క బీడులో రెండు మీటర్ల ఇనప పైపు కొనకి బిగించాను. దాని పక్కనే చేతి మీటరుని సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాను. చేతి మీటరుకి తోక లేదు, గాలి మళ్లినప్పుడల్లా నేనే తిప్పాల్సి వచ్చింది, దాని మొహం పక్కకి ఉంటే అంకె తగ్గిపోతోంది. సాయంత్రం గంటసేపు పది నిమిషాలకో సగటు రాశాను. రెంటికీ తేడా ఒక కి.మీ. కూడా రాలేదు!

ఇక్కడే తల కొట్టుకున్నాను. స్టేషన్ డిస్‌ప్లే మీద పెద్ద అక్షరాల్లో కనపడేది సగటు కాదు, గస్ట్, అంటే కాసేపు లేచి పడిన గాలి విసురు. సగటు దాని కింద చీమ తలకాయంత ఉంది. శనివారం నేను చూసిన 11 గస్ట్ అన్నమాట.

గురువారం తెల్లారి ఆరుంబావుకి మళ్లీ వెళ్లాను. కప్పులు కదలడం లేదు, చేతి మీటరు 0. ఇంతకంటే మంచి వేళ ఏముంటుందని పాత నేనైతే అనుకునేవాణ్ణి. పద్మ గారు చెప్పినట్టు అగరుబత్తీలు గుచ్చాను. పొగ మోకాలి ఎత్తు దాకా లేచింది, అక్కడ ఆగింది, తర్వాత మెల్లగా నీళ్లు పారినట్టు మల్బరీ వైపు నడిచింది. మీటర్లు రెండూ 0 చూపిస్తూనే ఉన్నాయి. మల్బరీ ఆయన కూడా గట్టు మీదే ఉన్నాడు, ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

ఏడూ నలభైకి ఎండ కాస్త పొడిచాక పొగ చెదరడం మొదలైంది. రెండు మీటర్ల దగ్గర సగటు 5, రిబ్బన్లు నాలుగూ మా వైపే. అంటే గాలి మల్బరీ నుంచి మా చేలోకి. అప్పుడు ఎగరేయించాం. ఎనిమిదిన్నరకి మూడెకరాలు అయ్యాయి, గాలి 10 దగ్గరికొచ్చింది, ఆపేశాం. ఒకెకరం మిగిలింది.

ఒక అనుమానం. యాప్‌లో బాణం గుర్తు పడమటికి చూపిస్తుంటే కింద తూర్పు గాలి అని రాసి ఉంది. ఏది?

---

పాత_అబ్జర్వర్ | ఆదివారం, రాత్రి 8:10

రెండూ ఒకటే. గాలి ఎటు నుంచి వస్తే దానిది ఆ పేరు. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేదని మన పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు. బాణం మాత్రం పోయే వైపు చూపిస్తోంది. నీ స్టేషన్‌లో విండ్ వేన్ (గాలి దిక్కు చూపే తోక) ఉంటే దాని ఉత్తరం గుర్తుని వీధి వారగా కాకుండా దిక్సూచి పెట్టి సరిచెయ్యి. మన దగ్గర అయస్కాంతపు ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

---

పల్నాడు_మిర్చి | ఆదివారం, రాత్రి 8:31

వీధి వారగానే పెట్టాను మాస్టారూ! రేపే సరిచేస్తా. ఇంకోటి, కప్పులు తిరిగేటప్పుడు కిర్రుమంటున్నాయి. గ్రీజు పెట్టనా?

---

పాత_అబ్జర్వర్ | ఆదివారం, రాత్రి 8:40

పెట్టకు. గ్రీజు బిగుతు, పైగా దుమ్ము పట్టి సన్న గాలికి అస్సలు కదలవు. కుట్టు మిషను నూనె ఒక్క చుక్క. అప్పటికీ కిర్రుమంటే బేరింగు అరిగిందని.

---

ఎగిరే_పద్మ | ఆదివారం, రాత్రి 8:52

నా రిబ్బన్‌కి బేరింగు లేదు మాస్టారూ :)

---

పాత_అబ్జర్వర్ | ఆదివారం, రాత్రి 8:58

మంచుకి తడిస్తే బరువెక్కుతుందమ్మా. పొద్దున్నే కట్టు, రాత్రంతా గడకి వదిలెయ్యకు.